గీత మీద పడని చుక్కలు

రొయ్యల చెరువు గట్టున అవ్వా, మనవరాలూ నెల్లూరు బస్సు కోసం నిలబడ్డారు. పిల్ల కాలేజీకి బయల్దేరిన ప్రతిసారీ అవ్వకు దిగులే. అందుకే మాటల్లో పెట్టింది.

“మేతను బట్టి రొయ్య బరువు చెప్పే నీ లెక్కలో, చివర ఆ ‘ప్లస్ ఈ’ ఎందుకే?”

“గ్రాఫులో పెట్టిన తూకం చుక్కలన్నీ గీసిన గీత మీదే పడవవ్వా. వానో, ఉప్పో, మనకు తెలియనిదేదో అటూ ఇటూ లాగుతాది. ఆ తేడాకు పెట్టిన ఇంగ్లీషు అక్షరమే ‘ఈ’.”

“తీసేస్తే?”

“లెక్క అబద్ధమవతాది.”

“మరి పోయిన శనివారం ఒట్టి ఆరుకొస్తానంటివి. నువ్వు రాలేదని ఆరుంబావుకే పాస్టరుగారిని పిలిచి ప్రార్థన పెట్టించినా.”

“నేనేమో బస్టాండులో బజ్జీలు తింటా ఉన్నా. ఊరంతా నవ్వినారు.”

“ఈసారి ఎప్పుడొస్తావు?”

“ఆరు ప్లస్ ‘ఈ’.”

“అట్ట చెప్పు తల్లీ. ఏడుదాకా పాస్టరుగారి జోలికి పోను.”