కాంబోడియా గుడిని సాలమోను లేపిన వైనం

సాలమోను నోరిప్పుడు లేదు గానీ, ఉన్నన్నాళ్ళూ గన్నవరంలో నవ్వుకి కరువు లేదు. ఎనభయ్యారు వరదకి గోదారి లంకలో చర్చి గోడ పడిపోయింది. మళ్ళీ కట్టడానికి చందాలు పోగయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. ఆ గోడ పని ఎలాగైనా తనకే రావాలని తాపీమేస్త్రి సాలమోనుకి ఒకటే ఆరాటం. పాపం, అప్పటిదాకా అరుగులూ పొయ్యిలూ తప్ప ఆయన చేతికి పెద్ద పని తగల్లేదు. కాలవని గోదారి దాటించే అక్విడెక్టు వంతెన దగ్గర వీరాయమ్మ టీకొట్టులో సంఘపెద్ద బాబూరావుగారు కనపడేసరికి, వెళ్ళి ఎదురుగా కూర్చుని, అడక్కుండానే అందుకున్నాడు.

"నేను చేసింది పెద్దేం కాదండి. కాంబోడియాలో అంకోరు గుడి బాగుచెయ్యడానికి మన గవర్నమెంటోళ్ళు వెళ్తే, కూలికెళ్ళి ఒక్క రాయి కదిపేను. అంతేనండి."

"ఒక్క రాయికి అంత దూరవా?" అంది వీరాయమ్మ.

"రాయంటే ఏం రాయనుకున్నావమ్మా! ఇసకరాయి, మన పడవంత. ఎప్పటి రాజులో కొండల్లో కొట్టించి, తెప్పలు కట్టి కాలవల్లో తెచ్చేరంట. మోకు కట్టి ఎత్తడానికి రాయి రాయికీ బెజ్జాలు. మన కొబ్బరితాడు దూర్చి ఒక్క లాగు లాగేను. ఆ తర్వాత ఏమైందో తెలుసా అండీ? రాయితో పాటు గోడే లేచొచ్చింది!"

"ఆయ్," అన్నారు బాబూరావుగారు, టీ ఊదుకుంటూ.

ఆ ఒక్క ఆయ్ చాలు, పని సగం వచ్చేసినట్టే అనిపించింది సాలమోనుకి.

"గోడ లేస్తే గోపురం ఊరుకుంటుందాండీ? ఒరిగింది. భుజం ఆనించేను, నిలబడింది. రాళ్ళు మోసే ఏనుగులు నన్ను చూసి సిగ్గుపడి అడివిలోకి పోయేయి. గోడల మీద చెక్కిన ఆడాళ్ళు కిందకి దిగొచ్చి విసనకర్రలతో విసిరేరు, ఒట్టు! చెయ్యి ఎలాగూ పెట్టేను గదాని, గుడి మొత్తం లేపి, కింద బురద కడిగి, మళ్ళీ దించేను. చుట్టూ కందకంలో చేప కూడా బెదర్లేదండి!"

"మరి రాళ్ళ మధ్య అతుకులెలా వేసేవు?" అన్నారు బాబూరావుగారు.

"అతుకేంటండీ! రాయి మీద రాయి పెట్టి రుద్దడమే. సున్నం లేదు, సిమెంటు లేదు, వెంట్రుక దూరదు! నా చేతికి అదే అలవాటైపోయింది. ఇప్పుడు సిమెంటు వాసనంటేనే గిట్టదు."

బాబూరావుగారు గ్లాసు దించేరు. "బతికించేవయ్యా మేస్త్రీ. గోడ పని నీదే."

సాలమోను లేచి నిలబడిపోయేడు. కొట్టంతా తనదే అన్నట్టు చుట్టూ చూసేడు.

"సిమెంటు బస్తాలు దొరక్క చచ్చి తెచ్చేం. ఇవాళే కొన్నచోటికి తిప్పి పంపించేస్తాం. రేపొచ్చి ఇటిక మీద ఇటిక పెట్టి రుద్దేసెయ్," అన్నారు బాబూరావుగారు.

కొట్టు గొల్లుమంది. సాలమోను తల గోక్కున్నాడు.

"అంటే... ఆ గుడికి మన గోదారి వరద తెలవదు కదండీ. ఎందుకైనా మంచిది, రెండు బస్తాలు అట్టేపెట్టండి."

"రెండు చాలా?"

"అన్నీ ఉంచెయ్యండి బాబూ."