వేడినీళ్ళు

చెరువుగట్టు మీది షెడ్డులో ఆడపడుచు చేతిలో ఖాళీ ప్యాకెట్ ఉంది. ఆమె తమ్ముడి భార్య చేపల మేత కలుపుతున్న తొట్టిలోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

"ఈ ప్రోబయోటిక్ పొడిని మరిగే నీళ్ళలో కలిపావా?"

"కలిపేశాను వదినా."

"అవి బతికున్న సూక్ష్మజీవులు! ప్రాణంతో చేప కడుపులోకి వెళ్తేనే పనిచేస్తాయి. ఉడకబెట్టి పెట్టడానికి ఇదేమైనా కూరనుకున్నావా?"

"పొరపాటైంది. ఇంకో ప్యాకెట్ తెప్పిద్దాం."

"అక్కడ చేపలు జబ్బుపడి తేలుతుంటే, తీరిగ్గా తెప్పిస్తుందట! చల్లటి నీళ్ళలో కలపమని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పారు."

"చెవికెక్కితేగా! అయినా నీ దగ్గర ఏ ప్రాణం నిలిచింది గనక? కడుపులో పడ్డ బిడ్డే నిలవలేదు."

తొట్టిలో తిరుగుతున్న కర్ర ఆగిపోయింది.

"నీళ్ళు కాచి పొడి కలిపింది నేను కాదు వదినా, మీ అమ్మగారు. చన్నీళ్ళ మేత తింటే చేపలకి జలుబు చేస్తుందట. మీరు అరుస్తారని, చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు."

"అమ్మా?"

"మీ వెనకే ఉన్నారు. ఇందాక నన్నన్న మాట, ఇప్పుడు ఆవిడని అనండి."