పిచ్చిమొక్కకి మర్యాద

బాల్కనీలో పసుపు పూల కుండీ ముందు ఆగి ఆడపడుచు మూతి మూడు వంకరలు తిప్పింది. పక్కనే మరదలు బట్టలు ఆరేస్తోంది.

“రోడ్డు పక్కన మొలిచే పిచ్చిమొక్కకి ఇంత మర్యాదా అమ్మాయ్?”

“మర్యాద చేస్తే ఇది బతకదు వదినా. ఎండా, కాస్త ఇసకమట్టీ ఉంటే చాలు.”

“ఎరువు కూడా వెయ్యవూ? మా గులాబీలు చూడు, ఎంత దర్జాగా ఉంటాయో!”

“చూశాను. ఏటా కొత్తవి కొంటారుగా. ఇది పైన ఎండిపోయినా, వేరు బతికుండి మళ్ళీ ఏడాదికి పూస్తుంది.”

“పూసి ఎవర్ని ఉద్ధరించాలిట?”

“ఎవరికో నచ్చినట్టే ఉంది. పోయినసారి మీరు వచ్చి వెళ్ళాక చూస్తే, పక్కనున్న పిలక మాయం.”

“దీన్ని కూడా ఎత్తుకెళ్ళే దిక్కుమాలినవాళ్ళు ఉంటారా!”

“ఎవరైతేనేం పాపం, ఈపాటికి నీళ్ళు ఎక్కువ పోసి కుళ్ళబెట్టే ఉంటారు.”

“ఎక్కువేంటి? పూటకో చెంబేగా పోశాను!”

మరదలు తీగ మీద చీరకి క్లిప్పు పెట్టింది.

“నీళ్ళు మానేసి ఎండలో పెట్టండి వదినా. వేరు మెత్తబడకపోతే మళ్ళీ చిగురేస్తుంది.”

“ఈ పిచ్చిమొక్కకి నేను సేవలు కూడా చెయ్యాలా, నా ఖర్మ కాకపోతే! ... ఎండంటే పొద్దుటిదా, మధ్యాహ్నానిదా?”