కదలని ప్రాణి

చుట్టాలు అలా గడప దాటారో లేదో, మొగుడు విసవిసా పడకగదిలోకి వచ్చాడు. ఆమె చంటిదానికి పాలు పడుతూ తలైనా ఎత్తలేదు.

"పెద్దదానికి ఇంట్లో కూర్చోబెట్టి ఏం చదువు చెబుతున్నావే నువ్వు?"

"ఈ వారం సైన్సు. ఏదైనా ఒక ప్రాణిని గమనించి, చూసింది చూసినట్టు చెప్పమన్నాను."

"అందరి ముందూ గడగడా అప్పజెప్పింది! 'ఈ ప్రాణి సోఫాలో నివసిస్తుంది. చెల్లి ఏడిస్తే దీనికి వినబడదు. ఆకలేస్తే మాత్రం అరుస్తుంది' అని. మా అమ్మ కూడా పడీపడీ నవ్వింది!"

"తప్పులేమైనా చెప్పిందా?"

"నా పరువు తీసేశారు తల్లీకూతుళ్లు!"

"నేను బల్లిని చూడమన్నానండీ. అది పారిపోతోందట. మీరైతే కదలరని మిమ్మల్ని ఎంచుకుంది."

"కావాలనే చేయించావు."

"నా కుట్లు మానకముందే ఫోన్లో మీ అమ్మగారితో ఏమన్నారు? 'ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా, పిల్లకి చదువు అదే చెప్పుకుంటుందిలే' అనలేదూ? పక్కగదిలోనే ఉన్నాను."

"సర్లే, ఇక్కడితో ఆపెయ్ ఆ పాఠం."

"అప్పుడేనా? పసిబిడ్డను చేతికిస్తే ఆ ప్రాణి ఏం చేస్తుందో ఇంకా చూడొద్దూ?"

చంటిదాన్ని అతని చేతుల్లో పెట్టి, ముసుగుతన్ని పడుకుంటూ కేకేసింది.

"అమ్మడూ, త్వరగా రావే! నీ ప్రాణి కదులుతోంది!"