జాడీలో మిగిలిన పులిసిన పిండి

అమ్మలారా, అయ్యలారా, అన్న చేతి రొట్టె తిన్నవాళ్ళందరూ! చోటు చాలక మెట్లమీద కూచున్నవాళ్ళూ వినండి. మొన్న పొయ్యి ముందు కూలబడిన మన రొట్టెలన్న ఇక లేవడు. ఆయన దగ్గర వ్యాను నడిపేవాణ్ణి నేను. మాట్లాడమని నన్ను లేపారంటే, మిగతావాళ్ళందరూ తప్పించుకున్నారన్నమాట.

కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్తున్నా. మేం యేసయ్యను నమ్ముకున్నవాళ్ళం. యూదుల్లాగా శనివారం విశ్రాంతి పాటిస్తాం, పులియని రొట్టెల పండుగ పస్కా చేసుకుంటాం. అందుకని చర్చివాళ్ళు యూదుల్లో కలిసిపొమ్మన్నారు, యూదులేమో చర్చికే పొమ్మన్నారు. రెంటికీ చెడ్డ రేవళ్ళం! మరి అన్న ఏం చేశాడు? పండుగకు పొయ్యి ఆర్పే ముందు, ఆఖరి రొట్టెలు ఆ రెండు చోట్లకీ నాతో పంపేవాడు. "తిట్టేవాళ్ళకీ బలం కావాలి కదరా, పట్టుకెళ్ళు" అనేవాడు. ఒకరు తలుపే తీయలేదు. ఇంకొకరు రొట్టె తీసుకుని తలుపేశారు. మరుసటేడూ పంపాడు. అలిగాడా? లేదు. కసిరాడా? కసిరాడు, నన్ను! రొట్టెలు చల్లారబెట్టానని.

ఈ పండుగకి ఇంట్లో పులిసింది రవ్వంత కూడా ఉండకూడదు. పిల్లలు వెతికి తీయడానికని నాలుగు రొట్టె ముక్కలు దాస్తాం. ఓసారి నేనొక ముక్క అన్న టోపీలోనే పెట్టాను. పాపం, అది దొరక్క ఇల్లంతా తలకిందులు చేశాడు. టోపీ తీసేసరికి పిల్లలు గొల్లుమన్నారు. ఆయన ఆ టోపీ నా నెత్తిన పెట్టి, "వెతికేవాడు ముందు తన నెత్తి తడుముకోవాల్రా" అన్నాడు. నవ్వండమ్మా, పరవాలేదు. ఆయనా నవ్వాడు.

ఇవాళ మాత్రం నాకు నవ్వు రావట్లేదు. కిటికీలోంచి చూడండి, ఎండ ఎదురింటి పిట్టగోడ ఎక్కేసింది. పొద్దు గుంకితే పండుగే. వదిన ఒళ్ళో ఉన్న ఆ జాడీలో, అన్న చివరిసారి కలిపిన, రొట్టెలు పొంగడానికి తోడేసే పులిసిన పిండి ఉంది. ఏటా ఈపాటికి ఆయనే పారబోసేవాడు. ఇంటి పెద్దల్లో మావయ్య దాచమంటాడు. పెద్దమ్మ తీసెయ్యమంటుంది. పారబోస్తే ఆయన చేయి పోతుంది. ఉంచితే ఆయన మాట పోతుంది. ఏం చెప్పమంటారు నన్ను?

పారబోస్తూ ఆయన ఎప్పుడూ ఒకటే అనేవాడు: "పిండీ నీళ్ళూ కలిపి, మూతేసి, ఓపిక పట్టు. పులుపు అదే వస్తుంది." ఆయన చేతికి వచ్చేది. మన చేతికి వస్తుందా? పండుగయ్యాక పిండి కలపాల్సింది వదినా, నేనూ. పొంగకపోతే? పొద్దున కళ్ళు తెరిచింది మొదలు అదే గుబులు. ధైర్యం చెప్పాల్సినవాణ్ణి, నా దగ్గరే లేదు.

వదినా, నిన్నెవరూ తొందరపెట్టరు. వెనక తలుపు తీసే ఉంచాను, అంతే.

ఇక లేవండి. పిల్లల్నీ లేపండి. తలలు దించి, అన్నని తలుచుకుంటూ మౌనంగా నిలబడదాం. వెనక జాడీ కడిగే నీళ్ళ చప్పుడు వినిపించినా, వినిపించకపోయినా, ఎవరూ తిరిగి చూడొద్దు.