మల్లికార్జునరావు గారి మామిడి పొగ

అమెరికాలో, డెట్రాయిట్ పక్కనున్న నోవైలో ఆకులు ఎర్రబడి రాలే రోజులు. శనివారం భోజనాలయ్యాక శ్రీకాంత్ వాళ్ళ ఇంటి వెనక చెక్క డెక్ మీద అందరూ చేరారంటే ఇక మల్లికార్జునరావు గారిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆయన వేప్ ఫ్లేవర్ల కంపెనీలో కెమిస్టు. సిగరెట్ మానలేనివాళ్ళు పీల్చే ఆ ఎలక్ట్రానిక్ గొట్టాల్లో పోసే రసానికి రుచీ వాసనా కట్టేది ఆయనే. పోయిన చలికాలంలో రిటైరయ్యారు. "హాయిగా రెస్ట్ తీసుకుంటున్నా" అని అందరికీ చెబుతుంటారు.

ఆ హాయేమిటో ఆయన భార్య చాముండేశ్వరికి ఒక్కదానికే తెలుసు. పోయిన చలికాలం వచ్చిన జ్వరం ఆయన ముక్కును పట్టుకుపోయింది. మల్లెపూవు లేదు, మాడిన పోపు లేదు, ఏ వాసనా తెలియదు. డాక్టర్లు చేతులెత్తేశారు. "నన్ను కోతలరాయుడనుకున్నా ఫర్వాలేదు గానీ ఒక్కళ్ళు కూడా అయ్యో పాపం అనకూడదు చాముండీ" అని ఒట్టు వేయించుకున్నారు. అందుకే ఆయన నోరు విప్పినప్పుడల్లా ఈవిడకి గుండెల్లో దడ. ఎవరైనా ఏదైనా తెచ్చి, వాసన చూసి చెప్పండి అంటే ఏం గతి?

"మామిడి ఫ్లేవర్ అంటే ఏమనుకున్నావోయ్ శ్రీకాంత్?" ఆయన టీ కప్పు పక్కన పెట్టారు. "ఇక్కడివాళ్ళ మామిడి ఎట్లా ఉండేది? షాంపూ తాగినట్టుండేది. మా బాస్ అన్నాడు, మల్లిక్, నువ్వు మామిడిపళ్ళ ఊరి నుంచి వచ్చావు గదా, ఒకటి చెయ్యి చూద్దాం అని. సరే, నాకు మా నూజివీడు ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీద గదిలో గడ్డి పరిచి మా నాన్న కాయలు మగ్గేసేవాడు. ఎండాకాలం సెలవుల్లో తలుపు తీస్తే చాలు, ఆ వాసనకి కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. నాకు ఆ గది కావాలి! పండొక్కటే కాదు, గడ్డీ, సొనా, ఆ వేడీ అన్నీ కావాలి. పీచ్ వాసన ఇచ్చే లాక్టోన్ వేశా, తీపికి ఇథైల్ మాల్టాల్ వేశా, పచ్చివాసనకి హెక్సెనాల్ వేశా. ఉహూ, జామ్ లాగే ఉంది. అప్పుడు గంధకం సరుకు ఒకటి తీశా. దాని మూత తీస్తే పిల్లి ఉచ్చ కంపు."

"ఛీ!" అంది శ్రీకాంత్ భార్య త్రివేణి.

"ఛీ కాదమ్మా, అదే కిటుకు! డ్రమ్ము నీళ్ళలో సూదిమొన ముంచినంత పడిందా, అచ్చం సొన వాసన. కలిపి, ఆవకాయ లాగా చీకట్లో పెట్టి నెల ఊరనిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఇంతవరకూ నిజమే. ఆ నెలంతా ఆయన ఆఫీసు నుంచి వస్తే చొక్కాలు వాషర్‌లో వేయడానికి చాముండేశ్వరికి మనసొప్పేది కాదు. పుట్టింటికి వెళ్ళొచ్చినట్టుండేది ఆవిడకి. ఇక ఇక్కణ్ణుంచి ఆయన్ని పట్టుకోలేమని కూడా ఆవిడకి తెలుసు.

"బాస్ ఒక్క దమ్ము లాగాడు. లాగి, నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఉప్పూ కారం ఉందా అన్నాడు!"

"ఇంగ్లీషులోనేనా గురువు గారూ?" అన్నాడు గోపాల్. అతను కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన కోతలకి వంత పాడడం అతనికి సరదా.

"మొదటి దమ్ముకి ఇంగ్లీషే. రెండో దమ్ముకి తెలుగు! వాడు వదిలిన పొగ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌లోంచి బయటపడి హైవే మీదికి పోయింది. జనవరి నెల, మోకాలి లోతు మంచు. కార్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ చలిలో జనం అద్దాలు దించి ముక్కులు బయటపెట్టారు. పోలీసాయన సైరన్ వేసుకుని వచ్చాడు. వచ్చి, తన కారూ ఆపేశాడు."

"టికెట్లు ఇవ్వలేదా?"

"ఎవడికిస్తాడు? ఆయనే కళ్ళు మూసుకుని నిలబడితే! అదలా ఉంచు. మా పార్కింగ్ లాట్‌లో మేపుల్ చెట్టుంది చూశావూ, తెల్లారేసరికి దానికి పూత. మామిడి పూత! ఉడతలు బుగ్గల్లో టెంకలు పెట్టుకుని తిరిగాయి."

"కోయిల కూసిందేమో కూడా" అన్నాడు శ్రీకాంత్.

"ఈ చలిలో కోయిలెక్కడిదయ్యా, కాస్త నమ్మేట్టు మాట్లాడు. ఫ్లోరిడా వెళ్ళిపోయిన బాతులు తిరిగొచ్చి కూశాయి. అదీ కాదు, డెట్రాయిట్‌లో దిగాల్సిన విమానం తిన్నగా ఆ పొగలోకి వచ్చింది. లోపలున్న మనవాళ్ళంతా గన్నవరం వచ్చేసిందనుకుని బెల్టులు విప్పేసి పైనుంచి సామాన్లు దించేసుకున్నారు. కూర్చోండి, కూర్చోండి అని పైలట్ ఎంత మొత్తుకున్నా వినరే! చివరికి ఆయనా డోర్ దగ్గరికొచ్చి, మా మేనమామ రాలేదా అని అడిగాడట!"

డెక్ అంతా ఘొల్లుమంది. త్రివేణి కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తి ఒక చిన్న సీసా తెచ్చింది. "బాబాయ్ గారూ, మా ఆయన సిగరెట్ మానాలని గ్యారేజ్‌లో తనే ఏవేవో కలుపుకుంటున్నారు. కాస్త వాసన చూసి ఏమిటో చెప్పండి."

"చెప్పేస్తే ఆ విమానాన్ని కూడా నమ్మేస్తాం" అన్నాడు గోపాల్.

మల్లికార్జునరావు గారు సీసా అందుకున్నారు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది గానీ ఆయన రెండోసారీ, మూడోసారీ ఊపిరి లాగడం చాముండేశ్వరి చూసింది. త్రివేణి ఎంతో నమ్మకంగా ఆయన మొహంలోకి చూస్తోంది.

"ఇక చాలు ఆపండి!" అంది చాముండేశ్వరి లేచి. "అది ఇటివ్వండి. ఈయన్నా త్రివేణీ నువ్వు అడిగేది? ఈయన ఆ కంపెనీలో లేబుళ్ళు అతికించేవారమ్మా! ఫ్లేవర్లు కలిపే గదిలోకి అడుగు పెట్టనిచ్చేవారే కాదు. ఆ మామిడి చేసింది ఎవరో చైనా అమ్మాయి. పోనీలే, వయసైపోయిన మనిషి సరదా అని నేనే ఊరుకుంటున్నా."

గోపాల్ కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. "లేబుళ్ళా గురువు గారూ!" చాముండేశ్వరి తలెత్తలేదు. ఇన్నేళ్ళ ఆయన విద్యని నలుగురిలో తన నోటితోనే కడిగేసింది.

"లేబులంటే అంత తేలికనుకున్నావట్రా గోపాలూ?" ఆయన గొంతు మళ్ళీ లేచింది. "వంకరగా అతికిస్తే సీసా అలిగి మూత రానిచ్చేది కాదు!" నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి.

ఆవిడ ఆయన చేతిలోంచి సీసా లాక్కుని, కప్పులు కూడా తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే ఆయనా వచ్చారు.

"చైనా అమ్మాయా?"

"నోటికి అదే వచ్చిందండీ. తప్పయిపోయింది, ఇంకేం చెయ్యాలో తోచలేదు."

"బాగానే చెప్పావులే." ఆయన ఆవిడ చేతిలో సీసా వైపు చూశారు. "ఏముంది అందులో?"

ఆవిడ వాసన చూసింది. "పనసతొన. కాదు, ముందు అరటిపండు తగిలి, వెనకాల పనస."

"చివర్లో?"

"కొత్తగా రంగు వేసిన తలుపు."

"అరటి వాసనకి వేసే ఐసోఎమైల్ ఎసిటేట్ ఎక్కువ పోశాడు వెధవ. సగానికి తగ్గించి, నెల ఊరబెట్టాలి. ఇంకోసారి చూడు, పనస బాగా పండిందా, దోరగా ఉందా?"

"పండింది. తేనె కారుతున్నట్టుంది."

ఆయన మొహం విచ్చుకుంది. "అయితే మంచి చెయ్యే కుర్రాడిది" అన్నారు. ఆ గొంతు విని ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"వెళ్ళి చెప్పనా?" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"చెప్పు. నువ్వే కనిపెట్టానని చెప్పు. లేబుళ్ళవాడు చెప్పాడంటే వాడు తగ్గించడు."