ఆదివారం చదువు

1965 వేసవి. ఆగిరిపల్లి మామిడితోటలో కాలేజీ లెక్చరరైన అన్న, అదే తోటలో కూలికెళ్లే చెల్లెలు చెట్టు నీడన కూర్చున్నారు.

“మా స్టూడెంట్లు వారమంతా చదివి, ఆదివారం పుస్తకం మూసేస్తారమ్మా.”

“నువ్వూ అంతేగా అన్నయ్యా! ఆదివారం హాస్టలు నుంచి వచ్చి నాతో కబుర్లాడేవాడివి.”

“కబుర్లా! పాఠాలు చెప్పేవాణ్ని. నువ్వు ‘ఎందుకూ?’ అని అడుగుతుంటేనే వారమంతా చదివింది నాకు అర్థమయ్యేది. ఇప్పటికీ క్లాసులో నీ గొంతే వినిపిస్తుంది. ఆ ఆదివారాలే నన్ను పాసు చేయించాయి.”

“నన్నూ చేయించాలి. మెట్రిక్‌కి కడుతున్నాను.”

“నువ్వా! ఈ పనిలో ఎప్పుడు చదువుతావే?”

“మామూలు రోజుల్లో కాసేపు. ఆదివారం రోజంతా.”

“మరి వంట?”

“మీ బావ చేస్తానన్నాడు. నిన్న నేర్చుకుంటూ అన్నం మాడ్చేశాడు. ఇద్దరం నవ్వుకుంటూ తినేశాం.”